ఫిల్టర్ మార్చే ముందు సెన్సార్ గొట్టాలు చూడండి

రాయగడలో ఉంటున్న మీ బీఎస్6 డీజిల్ కారులో హెచ్చరిక దీపం ఆరడం లేదని, స్కానర్ పి2453 కోడ్ చూపిస్తోందని, మెకానిక్ డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్) మొత్తాన్నీ మార్చమంటున్నాడని రాశారు. తొందరపడకండి. ఆ కోడ్ ఫిల్టర్ మసితో నిండిపోయిందని చెప్పడం లేదు. ఫిల్టర్‌కు ముందూ వెనకా ఉండే పీడనాల తేడాను కొలిచే సెన్సార్ ఇస్తున్న విలువ నమ్మేట్టు లేదని మాత్రమే చెబుతోంది.

పోయిన వానాకాలంలో కొరాపుట్ ఘాట్ దిగి వచ్చాక నా కారులోనూ ఇదే కోడ్ వచ్చింది. ఇంజిన్ చల్లారాక చూస్తే, సెన్సార్‌కు వెళ్లే రబ్బరు గొట్టం క్లిప్పు కింద సన్నగా చీలి, చుట్టూ నల్లటి మసి అంటుకొని ఉంది. గొట్టం మార్చి కోడ్ తుడిపించాను, అంతే.

మీ గొట్టాలు బాగానే ఉంటే, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి, స్కానర్‌లో పీడన విలువ చూడండి. అది ఇంచుమించు సున్నా ఉండాలి. గొట్టాలు విప్పాక కూడా సున్నాకు రాకపోతే, కనెక్టర్‌లో తుప్పు, తడి లేవని నిర్ధారించుకొని సెన్సార్ మార్చండి. లోహపు గొట్టాల్లోకి గాలి కొట్టాలనుకుంటే ముందుగా సెన్సార్‌ను విడదీయండి, లేకపోతే మంచి సెన్సార్ కూడా పాడవుతుంది. తిరిగి బిగించేటప్పుడు రెండు గొట్టాలూ తారుమారు కాకూడదు. కొత్త సెన్సార్ పెడితే, చాలా కార్లలో దాని విలువలను స్కానర్‌తో రీసెట్ చేయించాలి.

ఈలోగా బలవంతపు రీజెనరేషన్ (స్కానర్‌తో ఆదేశమిచ్చి ఫిల్టర్‌లోని మసిని కాల్చేయడం) చేయించకండి. ఇప్పటికే చేయించి ఉంటే, ఇంజిన్ ఆయిల్‌లో డీజిల్ కలిసిందేమో డిప్‌స్టిక్ తీసి చూడండి: ఆయిల్ మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తుంటే, ముందు ఆయిల్ మార్పించాలి.