మజిలీ ఎక్కడ?

ప్రశ్న: సొంత చిన్న విమానంలో చాలా దూరం వెళ్లాలి. మధ్యలో ఎక్కడ దిగాలో, ఇంధనం, పార్కింగ్ ఎవరిని అడగాలో చెప్పండి.

జవాబు: రన్‌వే పొడవు కన్నా ముందు ఇంధనం చూసుకోండి. చాలా పిస్టన్ ఇంజిన్‌లకు అవ్‌గ్యాస్ (విమానాల పెట్రోలు) కావాలి. పెద్ద విమానాశ్రయాల్లో చాలావాటిలో జెట్ ఎ-1 (జెట్ ఇంజిన్లకు వాడే కిరోసిన్ రకం ఇంధనం) తప్ప దొరకదు. ఆయా దేశాల ఏఐపీలో (అధికారిక వైమానిక సమాచార గ్రంథంలో), ఒక్కో విమానాశ్రయం గురించి చెప్పే ఏడీ భాగంలో, 2.3 కింద పనివేళలు, 2.4 కింద ఇంధనం, హ్యాండ్లింగ్ (నేలమీద విమానానికి అందే సేవల) వివరాలుంటాయి. ఆపైన నోటమ్‌లు (పైలట్లకిచ్చే తాజా హెచ్చరికలు) తిరగేయండి. ట్యాంకర్ పాడైన సంగతి అక్కడే బయటపడొచ్చు.

ఆ సేవలు చూసే హ్యాండ్లర్‌కు విమానం రిజిస్ట్రేషన్, బరువు, రాక సమయం, ఎన్ని లీటర్లు కావాలో రాసి, ఒప్పుకున్నట్టు జవాబు తెప్పించుకోండి. సమయం యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయంలోనే) ఇవ్వండి. స్థానిక సమయం రాస్తే దాన్ని యూటీసీ అనుకుంటారు, మీరు దిగేసరికి కస్టమ్స్ వాళ్లు ఇంటికెళ్లిపోయి ఉండొచ్చు!

ఇంధనం నింపేటప్పుడు పక్కనే నిలబడి రంగు చూసుకోండి. 100ఎల్ఎల్ అనే అవ్‌గ్యాస్ రకం నీలంగా ఉంటుంది.