పార్కు స్థలంలో కల్యాణమండపం కట్టవచ్చా?

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పురపాలక పట్టణం. నేను డిగ్రీ చదువుతున్నాను. మా కాలనీ ఒకప్పటి వరిచేలలో వేసిన లేఅవుట్. పార్కు కోసం వదిలిన స్థలం పల్లంగా ఉండి, వానాకాలమంతా నీరు నిలిచి గుర్రపుడెక్క పెరిగేది. మా కుర్రాళ్లమే చందాలు వేసుకుని, ట్రాక్టర్లతో మట్టి తోలించి మెరక చేశాం. రోజూ సాయంత్రం వాలీబాల్, కబడ్డీ ఆడుతున్నాం. నిరుడు వేసవిలో పురపాలక సంఘమే అక్కడ శిక్షణ శిబిరం పెట్టింది. ఇప్పుడు కొలతలు వేసి రాళ్లు పాతారు. కల్యాణమండపం కట్టి అద్దెకు ఇస్తారట. అడగడానికి వెళితే, ‘ఇంటి పన్ను మీ పేరున ఉందా? మీకేం హక్కు?’ అన్నారు. మాలో చాలామందికి 18 ఏళ్లు నిండలేదు. మేం ఏం చేయగలం?

జవాబు: ఇంటి పన్ను కట్టేవారికే అడిగే హక్కు ఉంటుందని ఏ చట్టంలోనూ లేదు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ మాటే. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలు పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన పనులను చెబుతుంది. ఉద్యానవనాలు, ఆటస్థలాలు అందులో పేరుతో సహా ఉన్నాయి. వాటిని వాడుకునేవారే అడగకూడదంటే ఇంకెవరు అడగాలి?

లేఅవుట్‌లో పార్కుగా చూపి స్థానిక సంస్థకు అప్పగించిన స్థలానికి పురపాలక సంఘం ధర్మకర్త మాత్రమే. ఆదాయం వస్తుందని దాన్ని మరో పనికి మళ్లించే అధికారం దానికి లేదు. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు కేటాయిస్తే చుట్టుపక్కల నివాసులే కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది, నివాసులకు ప్రశ్నించే హక్కు ఉందని కూడా స్పష్టం చేసింది. మీకు ఇంకా దగ్గరగా ఉండేది హర్యానాలోని థానేసర్ కేసు. ఖాళీగా ఉంచవలసిన స్థలాన్ని అక్కడి మున్సిపాలిటీ ధర్మశాల కట్టడానికి లీజుకిచ్చింది. కట్టడాన్ని తొలగించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ధర్మశాలకే ఒప్పుకోని న్యాయస్థానం ముందు అద్దె మండపానికి సమర్థన వెతకడం కష్టం.

అయితే ఇదంతా ఒక్క షరతు మీద నిలబడుతుంది. ఆ స్థలం నిజంగా లేఅవుట్ పార్కు స్థలమేనని మీరు చూపాలి. మన డెల్టాలో ఇదే చిక్కు. ఖాళీగా కనిపించినది కాలువ గట్టు పోరంబోకు కావచ్చు, అప్పుడు అది జలవనరుల శాఖది. ఎవరో కొనుక్కుని వదిలేసిన ప్లాటు కూడా కావచ్చు. కాబట్టి ముందు కాగితం పట్టండి. ఆమోదం పొందిన లేఅవుట్ అయితే ఎల్.పి. (లేఅవుట్ అనుమతి) నంబరుతో పటం ఉంటుంది. స్థలాన్ని పంచాయతీకో పురపాలక సంఘానికో రాసిచ్చిన గిఫ్టు దస్తావేజు ఉందేమో సర్వే నంబరుతో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ధ్రువపత్రం) తీసి చూడండి. అనుమతి లేని లేఅవుట్ అయితే ఆ స్థలాన్ని ఆనుకుని ఉన్న ఇళ్ల క్రయదస్తావేజులు అడిగి తీసుకోండి. హద్దుల దగ్గర ‘తూర్పు: పార్కు నిమిత్తం వదిలిన స్థలం’ లాంటి మాట రాసి ఉంటే అది గట్టి సాక్ష్యం. ఎవరూ తిరగేయని పుట అది, కేసులు అక్కడే తేలతాయి.

సమాచార హక్కు చట్టం, 2005 కింద పది రూపాయల రుసుముతో పురపాలక కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి. లేఅవుట్ పటం, మండపం నిర్మాణానికి ఆధారమైన కౌన్సిల్ తీర్మానం లేదా (ఎన్నికైన కౌన్సిల్ లేకపోతే) ప్రత్యేకాధికారి ఉత్తర్వు, అంచనా ప్రతి, టెండరు కాగితాలు అడగండి. వేసవి శిబిరానికి పెట్టిన ఖర్చు బిల్లులు కూడా అడగడం మరవకండి. ఆ బిల్లులో ‘ఆటస్థలం’ అని ఉంటే పురపాలక సంఘం తన చేతిరాతతోనే ఒప్పుకున్నట్టు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు చేయవచ్చు. ఈ చట్టం పౌరులందరికీ హక్కు ఇచ్చింది, వయసు నిబంధన పెట్టలేదు.

మట్టి తోలించినందుకు ఆ స్థలం మీద మీకు యాజమాన్యం రాదు. అది ఆశించి వాదించకండి, కేసు పలచబడుతుంది. కానీ ట్రాక్టరు రసీదులు, పాత ఫొటోలు భద్రపరచండి. స్థలం ఎంతకాలంగా దేనికి వాడుకలో ఉందో అవి చెబుతాయి.

సమాచారం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. కమిషనర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, ప్రతిని భీమవరం కలెక్టరేట్‌లో సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అందించండి. పని ఆగకపోతే రాజ్యాంగంలోని 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ (అధికారుల చర్యను ఆపమని కోరే పిటిషన్) వేయడమే మేలని నా అభిప్రాయం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 91వ సెక్షన్ కింద కోర్టు అనుమతితో ఇద్దరు కలిసి స్థానికంగా దావా కూడా వేయవచ్చు. అయితే ప్రభుత్వాన్ని ప్రతివాదిగా చేర్చితే సాధారణంగా రెండు నెలల నోటీసు అడ్డొస్తుంది. ఏ దారి పట్టినా స్తంభాలు లేవకముందే వెళ్లండి. శ్లాబు పడ్డాక వచ్చినవారిని ‘ఇన్నాళ్లు ఏం చేశారు?’ అని కోర్టు తప్పక అడుగుతుంది. 18 నిండనివారు తల్లిదండ్రుల ద్వారా వాదిగా చేరవచ్చు. పిల్లలకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మీ ఊరి కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవల కమిటీలో అడగండి, లేదా 15100కు ఫోను చేయండి.

ఇక ఒక్కటి, దీన్ని మీ తోటివారందరికీ చదివి వినిపించండి. పాతిన రాళ్లను ఎవరూ పీకకండి, పనివాళ్లతో గొడవ పడకండి. ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించారని క్రిమినల్ కేసు పెడితే, రేపు పోలీసు ఉద్యోగానికో పాస్‌పోర్టుకో విచారణ వచ్చినప్పుడు అది బయటికొస్తుంది. అభ్యంతర పత్రం ఇచ్చిన చోటల్లా తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకుని గాని బయటికి రావద్దు.