అమ్మమ్మ చెప్పిన నూనె కుండ

చిరంజీవి తల్లికి,

మామయ్య ఆశీస్సులు. మెట్రో దిగి ఆఫీసుకు నడిచే 15 నిమిషాలూ చెవిలో ధ్యానం పాఠాలు వింటున్నానని, అయినా ఆఫీసు గుమ్మం దాటేసరికి తల వేడెక్కిపోతోందని రాశావు. పాఠం వింటూ నడిస్తే పాఠమూ సగమే, నడకా సగమే. ముందు ఆ ఇయర్‌ఫోన్లు సంచిలో పడెయ్యి. ధ్యానం సంగతి అటుంచు, హైదరాబాదు రోడ్ల మీద చెవులు మూసుకుని నడవడం ప్రాణానికే మంచిది కాదు.

నేను 33 ఏళ్లు విశాఖలో ఉత్తరాలు పంచాను. అన్నేళ్లూ కాళ్లు బీటులో తిరుగుతుంటే మనసు ఇంటి అప్పుల దగ్గరో, ఎవరో అన్న మాట దగ్గరో ఉండేది. ఒకరోజు వీధంతా పంచేసి చివరి కొళాయి దగ్గర నీళ్లు తాగుతూ చూసుకుంటే, దాటి వచ్చిన గుమ్మాల్లో ఒక్కటీ గుర్తు లేదు. ఆ రోజే ఒక కుర్రవాడి ఇంటర్వ్యూ కాగితం పక్కింట్లో వేసి వచ్చాను. రెండు రోజులు ఆలస్యంగానైనా అతనికి అందింది, అదృష్టం. నాకు మాత్రం చాలా రాత్రులు నిద్ర పట్టలేదు. అడుగు మీద ధ్యాస పెట్టడం అప్పటినుంచే మొదలుపెట్టాను.

గుడిలో పరుగెత్తే పిల్లలను ఆపి మీ అమ్మమ్మ ఏమనేదో గుర్తుందా? నెలలు నిండిన ఇల్లాలు నిండు నూనె కుండతో ఎలా నడుస్తుందో, ప్రదక్షిణ అలా చెయ్యాలనేది. బుద్ధుడు చెప్పిన ఒక పోలికలోనూ నూనే ఉంది. అంచుదాకా నూనె నిండిన పాత్రతో ఒకడు జనం మధ్య నుంచి నడవాలి. ఒకపక్క అందగత్తె ఆటపాట, వెనకాల కత్తి దూసిన మనిషి. చుక్క ఒలికితే తల తెగుతుంది. ఒంటి మీద ఎరుక అలా ఉండాలట. నాకు ఆ కత్తి నచ్చదమ్మా. తనిఖీ ఉన్న రోజు మాకూ ఎక్కడలేని శ్రద్ధ వచ్చేది, మర్నాటికి పోయేది. అమ్మమ్మ కుండే నయం.

15 నిమిషాలూ వద్దు. మెట్లు దిగిన దగ్గరనుంచి మొదటి మలుపు వరకు చాలు. మడమ ఆనడం, పాదం పరుచుకోవడం, వేళ్లు నేలను తన్నడం గమనించు. నాలుగు అడుగులు వేయకముందే మనసు మెయిళ్ల దగ్గరకు పోతుంది. పోనీ. తెలిసినప్పుడు తిట్టకుండా మళ్లీ మడమ దగ్గరకు రా. కావాలంటే పది అడుగులు లెక్కపెట్టు, లెక్క తప్పితే ఒకటి నుంచి. వేగం తగ్గించనక్కర్లేదు, ఆలస్యమైతే నన్నే తిట్టుకుంటావు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం పాదాలను మరిచిపో, కళ్లూ చెవులూ బండ్ల మీదే ఉండాలి.

రోజూ అదే దారి అని విసుక్కున్నావు. బౌద్ధ భిక్షువులు కోరి మరీ ఒకే చిన్న బాట మీద ఇటూ అటూ నడిచేవారు, దాన్ని చంక్రమణం అంటారు. బుద్ధగయలో మహాబోధి ఆలయం పక్కన రత్నచంక్రమం అనే వేదిక ఇప్పటికీ ఉంది. తెలిసిన దారైతే ఎటు తిరగాలన్న ఆలోచన ఉండదు కదా.

కోపంతో బయలుదేరిన రోజు పాదాలు దొరకవు. అప్పుడు ఆ కోపం ఒంట్లో ఎక్కడ కూర్చుందో వెతుకు. దవడలోనా, భుజాల్లోనా? నాకు ఎప్పుడూ సంచి పట్టుకున్న పిడికిట్లో ఉండేది. పిడికిలి వదులు చేస్తే కోపం పోయేదని చెప్పను, సంచి మాత్రం తేలికయ్యేది.

పది రోజుల శిబిరం గురించి అడిగావు. వెళ్లు, తప్పులేదు. ముందు నెల రోజులు ఆ మలుపు వరకు నడిచి చూడు.

సంక్రాంతికి వస్తే భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కుదాం. భిక్షువులు నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్లు చూపిస్తాను. మోకాలు బాగానే ఉంది, ఈ ఉత్తరం కూడా నేనే నడిచి వెళ్లి డబ్బాలో వేస్తున్నాను. వచ్చేటప్పుడు ఆ మడమ ఎత్తు చెప్పులు తేకు.

నీ మామయ్య