ఒక్కో సెకనూ ఆపి చూడు

అమ్మలూ,

నువ్వు పంపిన డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. పిల్లల కోసం పనిచేసే సేవ్ ది చిల్డ్రన్ సంస్థ వాళ్లు సిరియా యుద్ధం మూడేళ్లు నిండబోతుండగా, 2014 మార్చిలో బ్రిటన్‌లో వదిలిన ఆ యాడ్ గురించి నాలుగు పేజీలు రాశావు. లండన్‌లో ఒక పిల్ల ఒక పుట్టినరోజు నుంచి మరో పుట్టినరోజుకి చేరేలోపు యుద్ధం ఆమె జీవితాన్ని ఎలా కమ్మేస్తుందో చూపించే యాడ్ అది. అందులో క్లోజప్ ఉంది, హ్యాండ్‌హెల్డ్ కెమెరా ఉంది, మధ్యలో ముక్క ఎగిరిపోయినట్టుండే జంప్ కట్ ఉంది, కథలోని మనుషులకీ వినిపించే డైజెటిక్ సౌండ్ ఉంది. అన్నిటికీ సరైన పేర్లే పెట్టావు. కానీ చదువుతుంటే సామాన్ల చీటీ చదివినట్టుంది తప్ప, ఆ పిల్ల నాకెక్కడా కనిపించలేదు.

మార్కుల టెన్షన్ కాసేపు పక్కన పెట్టు. యాడ్‌ని ముందు మామూలుగా చూడు, పెన్ను పట్టుకోకుండా. తర్వాత సౌండ్ తీసేసి చూడు. ఆ తర్వాత కళ్లు మూసుకుని విను. ఇదేదో మామయ్య చాదస్తం అనుకోకు. పాతికేళ్లు ఎడిటింగ్ టేబుల్ ముందు కూర్చున్నాను. బొమ్మ ఒక అబద్ధం చెబుతుంటే దాన్ని శబ్దం పట్టిస్తుంది, ఒక్కోసారి శబ్దం అబద్ధాన్ని బొమ్మ పట్టిస్తుంది. రెండూ కలిపి చూస్తే రెండిటినీ నమ్మేస్తాం.

ఇక అసలు పని, ఒక్కో షాట్ దగ్గర ఆపి చూడటం. మొత్తం నిడివి ఒకటిన్నర నిమిషం. రోజుకో సెకను చొప్పున ఏడాది జీవితాన్ని గుదిగుచ్చి నెట్‌లో పెట్టే సరదా వీడియోలు అప్పట్లో బాగా నడిచేవి, ఆ వేషమే దీనికీ వేశారు. నువ్వు "వేగవంతమైన ఎడిటింగ్ ఉత్కంఠను పెంచుతుంది" అని రాశావు. ఆ వాక్యం ఏ యాక్షన్ సినిమాకైనా సరిపోతుంది కాబట్టి దాన్ని కొట్టెయ్. ఒక సెకను షాట్ వల్ల ఇక్కడేం జరుగుతోందో చూడు.

బ్రిటిష్ టీవీ లెక్కలో సెకనుకి 25 ఫ్రేములు, అంటే 25 కదలని బొమ్మలు. అంత చిన్న షాట్‌లో ప్రేక్షకుడి కన్ను ఎక్కడ చూడాలా అని వెతుక్కుంటూ కూర్చోలేదు, వెతికేలోపే షాట్ అయిపోతుంది. అందుకే ఆ పిల్ల ముఖాన్ని ఎప్పుడూ దాదాపు అదే చోట, నడిమధ్య పెట్టారు. మన కన్ను అక్కడే మేకు కొట్టినట్టు ఉండిపోతుంది. మధ్యలో ఉన్నది మారనప్పుడు మారేదేమిటి? అంచులు. మొదట్లో వెనకాల ఇల్లు, బడి, ఆటలు. తర్వాత ఎక్కడో టీవీలో వార్తలు, పెద్దవాళ్ల మాటల్లో ఏదో కంగారు. యుద్ధం ఆ పిల్ల జీవితంలోకి ఫ్రేము అంచుల్లోంచి వస్తుంది. పిల్ల పట్టించుకోదు, ఆడుకుంటూనే ఉంటుంది. మనం విన్నాం, తను వినలేదు. మనకి గుండె జారేది ఆ తేడా దగ్గరే, బాంబుల దగ్గర కాదు. దీని గురించి ఒక పేజీ రాసినా ఎక్కువ కాదు. నువ్వు మాత్రం "నేపథ్యంలో వార్తలు వినిపిస్తాయి" అని ఒక్క ముక్కతో దాటేశావు.

కట్ల సంగతీ అంతే. రెండు షాట్లు పక్కపక్కన పెడితే ప్రేక్షకుడే మూడో అర్థం అల్లుకుంటాడని రష్యాలో కులెషోవ్ అనే సినిమా దర్శకుడు వందేళ్ల కిందట చూపించాడు. ఒకే నటుడి ముఖం, ఎదురుగా ఓసారి సూపు గిన్నె, ఓసారి శవపేటిక. ముఖం మారలేదు కానీ చూసినవాళ్లకి ఓసారి ఆకలి, ఓసారి దుఃఖం కనిపించాయి. ఇక్కడ సెకనుకీ సెకనుకీ మధ్య రోజులే మాయమవుతున్నాయి. ఒక దశ దాటాక నాన్న ఉండడు. ఆయనకి ఏమైందో ఆ ఖాళీలో మనం ఊహించుకుంటాం, మన ఊహ ఎప్పుడూ అన్నిటికన్నా చెడ్డదాన్నే తెచ్చిపెడుతుంది. ఇందులో చూపించింది ఎంతో, చూపించకుండా కట్ చేసింది అంతకన్నా ఎక్కువ. నీ డ్రాఫ్ట్‌లో ఈ ఖాళీల మాటే లేదు.

ఒక హెచ్చరిక. "దర్శకుడు ఇక్కడ నిరాశకు ప్రతీకగా చీకటిని వాడాడు" లాంటివి రాయకు. ఓసారి నేను చేసిన యాడ్‌లో ఒక జంప్ కట్‌ని తెగ మెచ్చుకుంటూ ఒకాయన పెద్ద వ్యాసం రాశాడు, కాలం విరిగిపోయినట్టుందట! అక్కడ విరిగింది కాలం కాదు, మధ్యలో షాట్ పాడైతే నేనే కత్తిరించి పడేశాను. అయితే ఆయనకి కలిగిన భావం మాత్రం నిజమే. అందుకే తీసినవాళ్ల మనసులో ఏముందో నువ్వు చెప్పకు, తెర మీద ఏముందో, అది నిన్నేం చేసిందో చెప్పు.

రెండు పుట్టినరోజుల దగ్గర నువ్వు సరిగ్గానే ఆగావు, కానీ తొందరపడ్డావు. మొదట్లో కేకు, చుట్టూ మనుషులు, పాట, పిల్ల నవ్వు. చివర్లో మంచం మీద పిల్ల, పక్కన అమ్మ, ఒక్క కొవ్వొత్తి. ముఖం అదే, ఫ్రేములో చోటూ అదే, అందుకే కదా తేడా అంతలా కొడుతుంది. అప్పుడు ఆ పిల్ల చూపు కెమెరా మీద ఉంటుంది. మొదటి పుట్టినరోజున ఆ కెమెరా ఇంట్లోవాళ్లెవరో సరదాగా పట్టుకున్నదిలా అనిపించింది. ఇప్పుడు అటువైపు ఇంకెవరు మిగిలారు? మనమే. తెరకీ మనకీ మధ్య ఉందనుకునే ఊహాగోడ పోయిందంటూ, "నాలుగో గోడ బద్దలైంది" అని నువ్వు రాసిన చోట ఈ ప్రశ్న వేసుకో. ఆ తర్వాతే అక్షరాలు వస్తాయి, ఇక్కడ జరగడం లేదంటే అసలు జరగడం లేదని కాదు అంటూ.

ఈ "ఇక్కడ" అన్న మాట నన్ను చాలా రోజులు తొలిచింది. కథ లండన్ పిల్లది, బాధ సిరియా పిల్లలది. ఈ సంస్థని 1919లో మొదలుపెట్టిన ఎగ్లాంటైన్ జెబ్, అదే ఏడు ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఆకలికి చిక్కి శల్యమైన ఆస్ట్రియా బిడ్డ ఫొటో ఉన్న కరపత్రాలు పంచింది. ఆస్ట్రియా అంటే అప్పటికి శత్రుదేశం. అరెస్టు చేశారు, 5 పౌండ్లు జరిమానా వేశారు. ఆ డబ్బు తనే ఇస్తానని ముందుకొచ్చింది ఆమె మీద కేసు వాదించిన ప్రాసిక్యూటరే! ఆమె పరాయి బిడ్డని నేరుగా చూపించింది. 95 ఏళ్ల తర్వాత అదే సంస్థ పరాయి బిడ్డని చూపిస్తే జనం ముఖం తిప్పుకుంటారనుకుందో ఏమో, మన పిల్లే అనుకుని చూడండి అంది. నిజంగా దెబ్బ తిన్న పిల్లల గాయాలని అమ్ముకోలేదు, నటించే పిల్లతో చెప్పించారు, అది నాకు నచ్చింది. కానీ మనలా ఉంటేనే మనకి ఏడుపొస్తుందని ఒప్పేసుకోవడం నాకు మింగుడుపడదు. నువ్వు నాతో ఏకీభవించక్కర్లేదు, ఏదో ఒక పక్క నిలబడు. "ఈ ప్రకటన ప్రభావవంతంగా ఉంది" అని ముగిస్తే మాత్రం ఊరుకోను.

2016లో వచ్చిన రెండో భాగం కూడా చూడు, అదే పిల్ల శరణార్థిగా దేశం దాటుతుంది. దాని మీద ఒక్క పేరా చాలు, అంతకన్నా సాగదీయకు.

ఆదివారంలోపు మళ్లీ రాసి పంపు. మొదటి పేజీలో "అమాయకత్వం" అన్న మాట ఏడుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను. ఒక్కటి ఉంచి మిగతావి తీసేశాకే పంపు.

నీ మామయ్య