గరాజ్ నిండా పెట్టెలున్న మా అబ్బాయికి

హ్యూస్టన్,
2024 అక్టోబర్ 20

చి. బుజ్జిగాడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. నాలుగు నిమిషాల్లో మూడు నిమిషాలు ప్రభుత్వాన్ని తిట్టావు. చివరి నిమిషంలో గరాజ్‌లో 50 పెట్టెల బట్టలు పోగయ్యాయని, శనివారం ట్రక్కు అద్దెకు తీసుకుని నార్త్ కరోలినా కొండల్లో యాష్‌విల్ వైపు బయల్దేరుతున్నామని చెప్పావు. తిట్టూ ట్రక్కూ ఒకే ఊపిరిలో వచ్చాయి. అందుకే ఫోన్ చెయ్యకుండా రాస్తున్నాను. ఫోన్లో అయితే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, మీ అమ్మ పోలిక.

నీ కోపం తప్పని నేననను. హెలీన్ తుఫాను సెప్టెంబర్ 26 రాత్రి ఫ్లోరిడాలో తీరం దాటితే, అంత దూరాన కొండల్లో ఉన్న ఊళ్లు కొట్టుకుపోతాయని ఎవరనుకున్నారు? 200 మందికి పైగా పోయారు. మూడు వారాలు దాటినా యాష్‌విల్ కుళాయిల్లో తాగే నీళ్లు రావడం లేదు. అక్కడికి రెండు గంటల దారిలో నువ్వు షార్లెట్‌లో వేణ్ణీళ్లు పోసుకుని ఆఫీసుకి వెళ్తున్నావు. కడుపు మండకపోతేనే ఆశ్చర్యపోవాలి.

కానీ ఆ ట్రక్కు మాత్రం ఆపు.

2005లో కత్రినా తుఫాను వచ్చినప్పుడు నేనూ ఇదే చేశాను. కట్టలు తెగి న్యూ ఆర్లీన్స్‌లో 80 శాతం నీళ్లలో ఉంది. అక్కడి సూపర్‌డోమ్ స్టేడియం దగ్గర జనం తిండికీ నీళ్లకీ అల్లాడుతుంటే టీవీ ముందు నాకూ మీ పెదనాన్నకీ ముద్ద దిగలేదు. సెప్టెంబర్ మొదట్లో వాళ్లని బస్సులెక్కించి మా ఊరి ఆస్ట్రోడోమ్ స్టేడియానికి తీసుకొచ్చారు. నేను తెలుగువాళ్ల ఇళ్లన్నీ తిరిగి రెండు వ్యాన్ల బట్టలు పోగేసి, గొప్పగా వెళ్లి నిలబడ్డాను. గుమ్మం దగ్గర వాలంటీర్ ఒకావిడ ఆ వ్యాన్ల వైపు చూసిన చూపు నాకింకా గుర్తు. ఇంటి నిండా చుట్టాలుండగా ఇంకో కారు వచ్చి ఆగితే మనం చూస్తామే, అలా. "వీటికి చోటు లేదమ్మా. నీకేం పని వచ్చు?" అని అడిగింది. ఫార్మసిస్టునన్నాను. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది.

బల్ల ముందు మొదట కూర్చున్న పెద్దాయనకి డెబ్బై దాటుంటాయి. బీపీ మందులు నీళ్లలో పోయాయి. పేరు తెలియదు. "చిన్న తెల్ల మాత్ర, మధ్యలో గీత ఉంటుంది" అన్నాడు. చిన్న తెల్ల మాత్రలు మా దగ్గర ఎన్ని రకాలుంటాయో నీకు తెలియదు. ఆ మాత్ర వేసుకుంటే మాటిమాటికీ బాత్రూముకి వెళ్లేవారా, పొడిదగ్గు వచ్చేదా, కాళ్లు వాచేవా అని ఒక్కొక్కటే అడుగుతూ పోయాను. చివరికి రాత్రి పడుకునేముందు కాదు, పొద్దున్నే వేసుకోమని డాక్టరు గట్టిగా చెప్పిన సంగతి గుర్తొచ్చింది ఆయనకి. అప్పుడు తేలింది, అది ఒంట్లో నీరు తీసే మాత్రని. అరగంట పట్టింది. లేచి వెళ్తూ, బూట్లేమైనా ఉన్నాయా అని అడిగాడు. కాళ్లకి సాక్సులే ఉన్నాయి. సైజు 13. నా రెండు వ్యాన్లలో పదమూడో నంబరు జత ఒక్కటి లేదు. మన మగాళ్ల కాళ్లు ఎనిమిదీ తొమ్మిదే కదరా!

అక్కడ ఎవరికేం కావాలో మన అల్మరాకి తెలియదు. డబ్బుకయితే సైజు ఉండదు. అక్కడి వాళ్లకే డబ్బు చేరితే, వాళ్లే అక్కడి కొట్లో కొంటారు, ఆ కొట్టువాడూ తేరుకుంటాడు. అతని ఇల్లూ మునిగింది కదా.

పైగా ఆ కొండదారులు చూడు. టెనెసీ వైపు పిజియన్ నది లోయలో ఐ-40 రోడ్డే నదిలోకి జారిపోయింది. ఉన్న కొద్ది దారుల మీదే కరెంటు వాళ్ల బండ్లు, నీళ్ల ట్యాంకర్లు వెళ్లాలి. అడ్రసు లేని నీ ట్రక్కు వాటి మధ్య దూరకూడదు.

మీ అమ్మకి సరిగా గుర్తుండదు, అప్పటికది చిన్నపిల్ల. 1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన పడ్డప్పుడు మేం చల్లపల్లిలో ఉన్నాం. మా దాకా గాలే వచ్చింది, కింద సముద్రం ఒడ్డు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. వేలమంది పోయారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి వీధుల్లో తిరిగారంటే జనం మెళ్లో గొలుసులు తీసి వేసిన రోజులవి. లారీల కొద్దీ బట్టల మూటలు వచ్చాయి. మీ తాతగారు మాత్రం చిల్లిగవ్వ ఇవ్వలేదు. వీధిలో అందరూ పిసినారి అన్నారు. నాకు తలకొట్టేసినట్టయింది. సంక్రాంతి వెళ్లాక, లారీలు రావడం ఆగిపోయాక, ఆయన బందరు వెళ్లి వలనూలు కొని నాగాయలంక వైపు నలుగురు జాలర్లకి ఇచ్చొచ్చారు. "మొదటి నెల అన్నం అందరూ పెడతారే. తర్వాత వాడి అన్నం వాడు వండుకోవాలంటే వల కావాలి" అన్నారు. నేను నలభై ఏళ్లు ఆ మాట మర్చిపోయాను.

గుర్తు చేసింది హార్వీ తుఫాను. 2017 ఆగస్టులో మా ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. మొదటి పది రోజులూ ఊరంతా కదిలొచ్చింది. ముక్కూ మొహం తెలియని పిల్లలు మాస్కులు కట్టుకుని వచ్చి నాలుగడుగుల ఎత్తుదాకా గోడల షీట్‌రాక్ పలకలు కోసి, తడిసిన ఇన్సులేషన్ లాగి, మా సోఫాలూ మీ పెదనాన్న పుస్తకాలూ అన్నీ రోడ్డు పక్కన గుట్ట పోశారు. రోజుకి మూడు పూటలా ఎవరో ఒకరు పులిహోర. ఇప్పటికీ పులిహోర చూస్తే నాకు బూజు వాసనే వస్తుంది. ఆరో నెలకి అస్థిపంజరం లాంటి ఇంట్లో ఇద్దరం, ఒక్క హాట్‌ప్లేట్. కాంట్రాక్టరు అడ్వాన్సు పుచ్చుకుని ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ నెల ఒక్కడంటే ఒక్కడు పలకరించలేదు. పక్కింటి ఫిలిప్పీన్స్ ఆవిడకి ఇన్సూరెన్సు అసలే లేదు. ఏప్రిల్‌లో ఏదో స్థానిక సంస్థ వాళ్లు వచ్చి ఆవిడ ఇంటికి గోడలు వేయించారు. ఆవిడ గోడలకి చెంప ఆనించి నిలబడింది, నేను చూశాను.

కాబట్టి బట్టలతో పాటు మీ గ్రూపులో మీరు పోగేస్తున్న డబ్బులో ఇప్పుడు మూడోవంతు ఇవ్వండి. మిగతాది ఫిబ్రవరిలోనో మార్చిలోనో ఇవ్వండి. ఇప్పటి వంతుకి మన్నా ఫుడ్‌బ్యాంక్ ఉంది, వాళ్ల గోడౌనే వరదలో పోయింది, అయినా పంచుతున్నారు. తర్వాతి వంతుకి అక్కడి కమ్యూనిటీ ఫౌండేషన్‌ని అడుగు, ఇళ్లు బాగుచేసే చిన్న సంస్థలు ఎవరో వాళ్లకి తెలుస్తుంది. పేరు విని ఇచ్చెయ్యకు. పన్నుల శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైటులో ఆ సంస్థకి పన్ను మినహాయింపు ఉందో లేదో చూడు, అది ఏటా ఇచ్చే లెక్కల పత్రం, ఫారం 990, తీసి చదువు. నువ్వు ఇచ్చినదానికి నీ కంపెనీ కూడా మ్యాచింగ్‌గా కలిపి ఇస్తుందేమో కనుక్కో.

ఇంకో సంగతి, నువ్వు ముఖం ముడుచుకున్నా సరే. మీ వాట్సాప్ గ్రూపులో డబ్బు నీ సొంత బ్యాంకు ఖాతాకి జెల్ యాప్‌లో పంపమన్నావట. వద్దు. నీ మంచితనం మీద నాకు అనుమానం లేదు, నీ తీరిక మీద ఉంది. దాతలు నేరుగా సంస్థకే పంపేలా లింకు పెట్టు, రసీదు ఫోటో పెట్టమను. ఫిబ్రవరి వంతు కూడా నీ దగ్గర ఉండక్కర్లేదు, ఎవరి దగ్గర వాళ్లే ఉంచుకుని అప్పుడు పంపమను, గుర్తుచేసే పని నీది. కత్రినా తర్వాత మేం ఒక సంఘంలో వసూలు చేసిన డబ్బు పదకొండు నెలలు బ్యాంకులో పడి ఉంది. ఎవరూ తినలేదు. చెక్కు మీద ఎవరు సంతకం పెట్టాలి, ఫోటోలో ఎవరు నిలబడాలి అన్న గొడవ. కోశాధికారిని నేనే. గట్టిగా మాట్లాడాల్సిన రోజున మాట్లాడకుండా ఊరుకున్నాను. ఆ తర్వాత అదే ఇళ్లకి వేరే పని మీద చందాకి వెళ్తే తలుపు తీసినవాళ్లు "పాత లెక్క ఏమైందండీ" అన్నారు. హార్వీ అప్పుడు జేజే వాట్ అని మా ఊరి ఫుట్‌బాల్ ఆటగాడు 2 లక్షల డాలర్లు అడిగితే 3.7 కోట్లు దాటి వచ్చాయి. ఏడాది తిరిగేసరికి దేనికెంత వెళ్లిందో జనం ముందు పెట్టాడు. ఆట చూడని నేను కూడా అతని జెర్సీ కొన్నాను.

ఇక నీ మూడు నిమిషాల తిట్లు. కోపం దాచుకోమని చెప్పను, దాన్ని సరైన గుమ్మం ముందుకి తీసుకెళ్లు. కత్రినా అప్పుడు విపత్తుల సాయం చూసే కేంద్ర సంస్థ ఫీమాకి అధిపతి మైఖేల్ బ్రౌన్, అంతకుముందు అరబ్బీ గుర్రాల సంఘంలో పనిచేసినాయన. జనం గోలకి రెండు వారాల్లో రాజీనామా చేశాడు. అక్కడితో వదిలేస్తే ఇంకో గుర్రాలాయన వచ్చేవాడు. వదల్లేదు కాబట్టి 2006లో చట్టం మార్చారు, ఆ కుర్చీలో కూర్చునేవాడికి విపత్తుల పని తెలిసుండాలని రాశారు. కుక్కల్ని వదిలి రామని మునిగే ఇళ్లలోనే ఉండిపోయినవాళ్ల కోసం, పెంపుడు జంతువుల్ని కూడా తరలించేలా ప్రణాళిక వెయ్యాలని అదే ఏడాది ఇంకో చట్టం వచ్చింది. మా హ్యారిస్ కౌంటీలో హార్వీ వచ్చిన సరిగ్గా ఏడాదికి, 2018 ఆగస్టు 25న, వరద పనుల కోసం 250 కోట్ల డాలర్ల అప్పు తెచ్చే బాండుకి ఓటు పెడితే జనం గెలిపించారు. నేనూ వరసలో నిలబడ్డాను, నా కోపం అప్పుడు కొంచెం దిగింది.

2017లోనే ప్యూర్టోరికోలో మరియా తుఫాను తర్వాత చచ్చిపోయింది 64 మందే అని ప్రభుత్వం నెలల తరబడి చెప్పింది. లెక్క తేల్చాల్సిందేనని జనం పట్టుబట్టాక అది 2,975 అయింది. 2020 జనవరిలో పాన్సే ఊళ్లో గోడౌను తెరిస్తే నీళ్ల సీసాలు, మంచాలు, పాలడబ్బాలు పంచకుండా పేర్చి ఉన్నాయి. దానికి కోపగించుకోవాల్సిందే. అయితే వాళ్లు కళ్లతో చూసి కోపగించుకున్నారు. నువ్వు నాకు పంపిన వీడియో ఎవరు చూసి పెట్టారో నీకు తెలుసా? "ఇల్లు పోతే ఫీమా ఇచ్చేది 750 డాలర్లే" అంటాడు అందులో. ఆ 750 వెంటనే కావాల్సిన తిండికీ నీళ్లకీ ముందుగా ఇచ్చేది. ఇంటికీ అద్దెకీ ఇచ్చేది వేరు. అది చూసి "ఇంతేనా" అని దరఖాస్తే పెట్టకుండా ఊరుకున్న ముసలమ్మలుంటారు కొండల్లో. ఇలాంటి మాటలు ముదిరే, మొన్న రూథర్‌ఫర్డ్ కౌంటీ వైపు బెదిరింపులొచ్చి ఫీమా వాళ్లు ఇంటింటికీ తిరగడం ఆపుకోవాల్సి వచ్చింది. ఇంటింటికీ తిరిగేవాళ్లు నెలజీతగాళ్లురా, నీలాగే.

శనివారం ఖాళీ పెట్టుకున్నావు కాబట్టి ఒక పని చెప్తాను. అక్కడ ఏదైనా సహాయ కేంద్రానికి ముందే ఫోన్ చేసి, వాలంటీర్లు కావాలా అని అడుగు. రమ్మంటే నలుగురు నాలుగు ల్యాప్‌టాప్‌లు, ఒక స్కానరు, ఒక ప్రింటరు పట్టుకుని వెళ్లండి. ఫీమా తిరస్కరించిన ఉత్తరాల్లో చాలావాటికి కారణం ఏదో కాగితం లేకపోవడమే, ఇన్సూరెన్సు వాళ్ల జవాబో, ఇల్లు తనదేనన్న రుజువో. 60 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. తాతల నాటి ఇంట్లో ఉంటూ పేరు మార్పించుకోని వాళ్లు మనూళ్లోనే కాదు, అక్కడా ఉంటారు. హెచ్-1బీ నుంచి గ్రీన్‌కార్డు దాకా పదేళ్లుగా కాగితాలతో కుస్తీ పట్టినవాళ్లు మీరు. ఫారాలు నింపడంలో మిమ్మల్ని కొట్టేవాడు అమెరికాలో ఎవడున్నాడు? అక్కడ రాజకీయం మాత్రం ఎత్తకు. వాళ్లు తిడితే విను. వాళ్లు ఓటెవరికి వేస్తారో నీకనవసరం.

ఆరోగ్యం బాగుంటే రక్తం ఇచ్చిరా, ఎక్కడైనా. అక్కడే మేరియన్‌లో సెలైన్ తయారుచేసే బ్యాక్స్‌టర్ ఫ్యాక్టరీ మునిగి దేశమంతటా సెలైన్ సంచులకి కటకటగా ఉంది. ఈ దేశంలో వాడే వాటిలో 60 శాతం అక్కడివే. ఇక్కడ నేను పనిచేసిన ఆసుపత్రిలో కూడా, తాగగలిగినవాళ్లకి గ్లాసుతో నీళ్లిచ్చి సంచులు దాస్తున్నారట. అక్కడి కొండ మీద వాన నా పాత షెల్ఫ్ దాకా వచ్చింది.

ఆ 50 పెట్టెలూ తెరిచి చూడు. కొత్త దుప్పట్లు, టోపీలు, చలికోట్లు ఉంటే విడిగా పెట్టు. కొండల్లో చలి మొదలవుతుంది, ఎవరైనా అడిగితే అప్పుడు ఇవ్వు. మిగతావి మీ ఊళ్లోనే పాతబట్టల కొట్లో ఇచ్చి, వచ్చిన రసీదు గ్రూపులో పెట్టు. చీరలుంటే ఎవరివి వాళ్లకి వెనక్కిచ్చెయ్. కంచి పట్టుచీర ఒకటి పొరపాటున వెళ్లిందని ఎవరో ఒకావిడ దీపావళికి తప్పకుండా ఫోన్ చేస్తుంది, ఆ మాట మాత్రం నేను అనుభవం మీద చెప్తున్నాను. ట్రక్కు అడ్వాన్సు వెనక్కి ఇస్తారో లేదో కనుక్కుని చెప్పు. ఇవ్వకపోతే అది నేనిస్తాను.

అమ్మాయినీ పిల్లనీ అడిగానని చెప్పు.

ఇట్లు,
పెద్దమ్మ