నర్మద పరిక్రమకు పర్సనల్ లోన్ వద్దు

ప్రశ్న: నా వయసు 47. చెన్నై వేళచ్చేరిలో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్ ఉంది, ఇంకా ఈఎంఐ కడుతున్నాను. ఈ కార్తీకంలో ఓంకారేశ్వర్ నుంచి నర్మద పరిక్రమ, అంటే నది చుట్టూ ప్రదక్షిణ, నడిచి చేయాలని సంకల్పం. ఐదు నెలలు పడుతుంది. కంపెనీ అంత సెలవు ఇవ్వనంది కాబట్టి రాజీనామా చేసి, వచ్చాక వేరే ఉద్యోగం చూసుకుంటాను. దారిలో ఆశ్రమాల్లో భోజనం, బస దొరుకుతాయి, నాకు ఖర్చు తక్కువే. నా జీతం 88,000, భార్య జీతం 27,000. ఈఎంఐతో కలిపి ఇంటి ఖర్చు 72,000. బ్యాంకులో 2.4 లక్షలున్నాయి. ఉద్యోగం ఉండగానే 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకుంటే సరిపోతుందా? నాకు షుగర్ ఉంది.

జవాబు: యాత్రకు బయల్దేరే వాళ్లు దారి ఖర్చు లెక్కేసుకుంటారు, వెనక ఇల్లు నడవాలన్నది మర్చిపోతారు. కాశీకి వెళ్లినా, శబరిమలకు నడిచినా ఇదే చూస్తున్నాను. మీ ప్రశ్న తీసుకున్నది అందుకే.

మీరు లేనప్పుడు ఇంటికి నెలకు 45,000 తక్కువ పడుతుంది. 14 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్ అనుకుంటే దాని ఈఎంఐ ఇంకో 10,250. చేతిలో ఉన్నదీ అప్పుదీ కలిపి తొమ్మిది నెలలు లాగొచ్చు, ఏమీ జరగకపోతే. ఆ తర్వాత బ్యాంకులో సున్నా, నెత్తిన రెండేళ్లకు పైగా అప్పు. పైగా వదిలేయబోయే జీతాన్ని చూపించి తెచ్చే అప్పు ఇది. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. బంగారం తాకట్టు, క్రెడిట్ కార్డు కూడా అంతే. పీఎఫ్ జోలికి వెళ్లొద్దు.

ఏమీ జరగదని ఎలా అనుకుంటాం? మీరు కార్తీకంలో బయల్దేరుతున్నారు. చెన్నైలో అది వానల కాలం. 2015 వరదల సంగతి, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను సంగతి వేళచ్చేరి వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇంట్లోకి నీళ్లొస్తే ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, బండి అన్నీ ఒకేసారి పోతాయి. అప్పుడు మీ ఆవిడ చేతిలో డబ్బు లేకపోతే మీకే ఫోన్ చేస్తారు. నదిని కుడిచేతి వైపు ఉంచుకుని, ఎక్కడా దాటకుండా నడవాల్సిన వ్రతం మీది. మధ్యలో రైలెక్కితే సంకల్పం ఆగిపోయినట్టే. అందుకే అత్యవసర నిధిని పరిక్రమ ఏర్పాట్లలో భాగంగా చూడండి. భుజాన సంచీ, చేతిలో కర్ర ఎంత అవసరమో ఇదీ అంతే.

ఆరు నెలల పూర్తి ఖర్చు, అంటే 4.32 లక్షలు, ముట్టుకోకుండా ఉండాలి. మీరు తిరిగొచ్చి ఉద్యోగం వెతుక్కునే రోజులకూ ఇదే ఆసరా. నడిచే ఐదు నెలల లోటు 2.25 లక్షలు వేరే. రెండూ కలిపి 6.57 లక్షలు. మీ దగ్గరున్నది తీసేస్తే 4.17 లక్షలు కావాలి. మీరు చెప్పిన లెక్క ప్రకారం నెలకు 43,000 మిగలాలి. అది ఎటు పోతోందో ఇద్దరూ కూర్చుని చూడండి. నెలకు 35,000 పక్కన పెడితే ఏడాదిలో 4.2 లక్షలు. వచ్చే కార్తీకానికి అప్పు లేకుండా బయల్దేరొచ్చు. వాయిదా వేయమనడం నాకూ కష్టంగానే ఉంది, సంకల్పం బలం నాకు తెలుసు. అయినా ఇదే చెబుతాను.

ఆ డబ్బు మీ ఒక్కరి పేరున ఎఫ్‌డీలో పెట్టొద్దు. మీ ఆవిడ ఒక్క సంతకంతో తీయగలిగే జాయింట్ ఖాతాలో ఉంచండి. నర్మద ఒడ్డున సిగ్నల్ లేని చోట మీకు ఓటీపీ వస్తే ఇంట్లో వాళ్లకు ఏం లాభం?

ఇంకొక్కటి. రాజీనామాతో కంపెనీ ఆరోగ్య బీమా పోతుంది. కొత్త పాలసీ తీసుకుంటే షుగర్‌కు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా దాని చికిత్స ఖర్చు ఇవ్వరు. ఇప్పుడున్న గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో హెచ్‌ఆర్‌ను అడగండి. పాలసీ కాగితం చేతికొచ్చాకే రాజీనామా లేఖ ఇవ్వండి.