ఖాతాలో ఉన్నదంతా మీది కాదు

ప్రశ్న: హైదరాబాద్‌లో చిన్న ఇండిపెండెంట్ మ్యూజిక్ లేబుల్ నడుపుతున్నాను. ఆరుగురు ఆర్టిస్టులున్నారు. రికార్డింగ్ హక్కులు వాళ్లవే. ఖర్చులు పోగా వచ్చేదాంట్లో చెరి సగం. బయటి మిక్సింగ్ పనులతో నెలకు సగటున రూ.60 వేలు వస్తాయి. ఇంటికి, లేబుల్‌కి కలిపి 50 వేలు అవుతుంది. ఇంట్లో సంపాదన నాదొక్కడిదే. ఖాతాలో 2.5 లక్షలున్నాయి, అందులో 1.8 లక్షలు ఆర్టిస్టులకు ఇవ్వాలి. కొత్త ఆల్బమ్‌కి 6 లక్షలు కావాలి. 4 లక్షలు పర్సనల్ లోన్, 2 లక్షలు మా ఆవిడ నగల మీద తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. ఆర్టిస్టులకు న్యాయం చేయాలన్న మీ పట్టుదల మీద నాకు గౌరవం ఉంది. అందుకే గట్టిగా చెబుతున్నాను.

మీ దగ్గర ఉన్నది రెండున్నర లక్షలు కాదు, 70 వేలు. నెలన్నర కూడా గడవదు. ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైతే మీ చెయ్యి ముందుగా పోయేది ఆ 1.8 లక్షల మీదికే. వచ్చే నెల సర్దేద్దాం అనుకుంటారు, సర్దలేరు. సొంత వ్యాపారం చేసేవాళ్లలో నేను తరచూ చూసే పొరపాటు ఇదే: ఇతరులకు ఇవ్వాల్సిన డబ్బును తమ ఎమర్జెన్సీ ఫండ్ అనుకోవడం.

ఇక అప్పు సంగతి. 4 లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు రూ.13,700. మీకు నెలకు మిగిలేది 10 వేలు. మొదటి నెల నుంచే లోటు! నగల మీద వడ్డీ ఇంకా కలపనే లేదు. స్ట్రీమింగ్ డబ్బు డిస్ట్రిబ్యూటర్ (పాటలను యాప్‌లకు చేర్చే సంస్థ) ద్వారా మీకు చేరేసరికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈఎంఐ అప్పటిదాకా ఆగదు. ఎన్నిసార్లు వింటారో తెలియని పాటల కోసం ఇంట్లో బంగారం ఎలా తాకట్టు పెడతారండీ?

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో ఫ్యాక్టరీ రికార్డ్స్ అనే లేబుల్ ఉండేది. 1978లో మొదలైంది. మీలాగే లాభంలో సగం, హక్కులు ఆర్టిస్టులవే. అది డబ్బు పెట్టిన నైట్‌క్లబ్ నష్టాలు, కొత్త ఆఫీసు భవనం, తడిసి మోపెడైన ఓ ఆల్బమ్ ఖర్చు కలిసి 1992లో దివాలా తీసింది. అంత మంచి షరతులు కూడా దాన్ని నిలబెట్టలేకపోయాయి.

ఈ వారమే ఆర్టిస్టుల వాటాకు వేరే ఖాతా తెరిచి, 1.8 లక్షలు అందులోకి మార్చండి. మూడు నెలలకోసారి లెక్క చూపించి చెల్లించండి. మీ ఆదాయం నిలకడైనది కాదు కాబట్టి ఆరు నెలల ఖర్చు సరిపోదు, తొమ్మిది నెలలది ఉండాలి. అంటే 4.5 లక్షలు. చేతిలోని 70 వేలు పోగా ఇంకా 3.8 లక్షలు కావాలి. నెలకు 10 వేల చొప్పున మూడేళ్లు దాటుతుంది. ఎక్కువ కాలమే, తెలుసు. బయటి పనులు ఇంకో రెండు పట్టుకుంటే తగ్గుతుంది. ఈ డబ్బును లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) స్వీప్-ఇన్ డిపాజిట్‌లోనో (సేవింగ్స్ ఖాతాతో ముడిపడిన ఫిక్స్‌డ్ డిపాజిట్) పెట్టండి. ఆల్బమ్ పేరుతో ముట్టుకోవద్దు.

కుటుంబానికి హెల్త్ పాలసీ, మీకు టర్మ్ పాలసీ (మీరు లేకపోతే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) లేకపోతే వెంటనే తీసుకోండి. సిప్‌లు (నెలనెలా మ్యూచువల్ ఫండ్ పెట్టుబడులు) తర్వాత చూడవచ్చు. లేబుల్ మీ ఒక్కరి పేరు మీదే ఉంటే దాని అప్పులకు మీ ఇల్లూ వాకిలీ కూడా బాధ్యతే, ఎల్ఎల్‌పీ (భాగస్వాముల బాధ్యత పరిమితంగా ఉండే సంస్థ) గురించి మీ సీఏను అడగండి.

ఆల్బమ్ మానేయమనడం లేదు. ఒక్కో పాటగా విడుదల చేయండి. ఒక పాట ఖర్చు తిరిగొచ్చాకే తర్వాతిది రికార్డ్ చేయండి. ఆ ఆరుగురినీ కూర్చోబెట్టి ఈ లెక్క ఉన్నదున్నట్టు చూపించండి. వాళ్ల డబ్బు వేరే ఖాతాలో భద్రంగా ఉందని చూసినవాళ్లు ఇంకొన్ని నెలలు ఆగుతారని నా నమ్మకం.